మూలప్రతి లేని కారు

బ్రిటనులో నగరముల పొలిమేరలయందును, చిన్న పల్లెలయందును, ఇండ్ల వెనుకనుండు షెడ్లలో, టార్పాలిను క్రింద, టైర్లలో గాలి పోయి, నిగనిగ తప్పిన ఫైబర్‌గ్లాస్ మేనితో, ఏ పెద్ద కర్మాగారమునందును పుట్టని చిన్న కారొకటి ఏండ్ల తరబడి పడియుండుట అరుదైన విషయము కాదు. దాని ఇంజను ఫోర్డ్ కారుది. స్టీరింగు వేఱొక కారుది. వెనుక దీపములు మఱియొకదానివి. ఛాసిస్‌ను అతికినవాడు ఎన్నడో మూతపడిన చిన్న కంపెనీ యజమాని. ఆ భాగముల నన్నిటిని ఒకచోట చేర్చి, బిగించి, రహదారిపైకి తెచ్చినవాడు తన సెలవుదినముల నెల్ల దానికి ధారపోసిన ఒక గుమాస్తాయో, బడిపంతులో, కొళాయి పనివాడో. దానిని కిట్ కారు అందురు. కంపెనీవారు ఛాసిస్‌ను, పైఒడలిని మాత్రము అమ్ముదురు. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, బ్రేకులు మొదలగునవి కొన్నవాడే ఒక పాత కారునుండి ఊడదీసికొని, తన చేతులతో తానే బిగించుకొనవలెను.

అట్టివానిలో పేరుప్రతిష్ఠలు గలవి నేడు పెద్ద ధర పలుకుచున్నవి. పేరులేనివి, నలుబది యేండ్ల నాటివి, సగములో పని ఆగిపోయినవి, కొన్ని వందల పౌండ్లకే దొరకుచున్నవి. ఆ చౌక కార్లను కొని, తుప్పు కోసి, అతుకులు వేసి, తీగలు మార్చి, మరల నడిపించుకొనువారు ఆ దేశమున తరతరమునకును పుట్టుచునే యున్నారు. వారు పెట్టిన ధనము తిరిగి రాదు; కారు నిగనిగలాడుచు సిద్ధమైన దినమునను దానికై చెల్లించిన రసీదుల మొత్తము దాని ధరను మించియుండును. ఈ సత్యము వారికి తెలియనిది కాదు. తెలిసియు వారు పూనుకొను ఈ కార్యమునందలి ఆకర్షణ యెట్టిదో విచారింపదగియున్నది. చౌకగా వచ్చినది గనుక కొనుచున్నారని చెప్పువారు సగము సత్యమునే చెప్పుచున్నారు. నా యభిప్రాయమున, ఆ చౌకదనము వారి యానందమునకు కాపలా వంటిది. ఆనందమునకు మూలము వేఱొకచోట నున్నది. దానిని చేరుటకు ముందు ఈ కార్లు పుట్టిన విధము తెలిసికొనుట అవసరము.

పన్ను పుట్టించిన విద్య

1922లో పుట్టి 1939 వఱకు తయారైన ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారు బ్రిటనులో సామాన్య కుటుంబములకు కారు యోగమును కలిగించినది. దాని ఛాసిస్ ఆంగ్లాక్షరము ‘ఏ’ ఆకారముగల తేలికపాటి ఉక్కు చట్రము. పై ఒడలిని విప్పివేసినచో మిగిలిన చట్రమునకు తోచిన ఆకారమున అల్యూమినియపు రేకును తొడిగి, పందెపు కారు వంటి దానిని చేసికొనుట సామాన్యుల చేతిలోని పనిగా నుండెను. ఈ విద్యాభిమానులకై 1939లోనే 750 మోటార్ క్లబ్బు ఏర్పడినది. యుద్ధము ముగిసి, క్రొత్త కార్లలో అధికభాగము విదేశములకు ఎగుమతియై, స్వదేశీయులకు దొరకుట దుర్లభమైన కాలమున, తుక్కు దుకాణములలోని పాత ఆస్టిన్లు అనేకమంది యువకుల చేతులలో కొత్త జన్మమెత్తినవి. లండనులో ఇంజనీరింగు చదువుచుండిన కాలిన్ చాప్‌మన్, తనకు కాబోవు భార్య హేజెల్ యొక్క తలిదండ్రుల షెడ్డులో, 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తన మొదటి కారును నిర్మించెను. లోటస్ అను విఖ్యాత సంస్థ వంశవృక్షమునకు బీజము ఆ షెడ్డే.

ఇంతలో ప్రభుత్వపు పన్ను ఈ విద్యకు అనుకోని విధముగా అండయైనది. యుద్ధము జరుగుచుండగా, 1940 అక్టోబరులో విధింపబడిన కొనుగోలు పన్ను, యుద్ధానంతరమును తొలగలేదు. 1950ల నడిమి సంవత్సరములలో క్రొత్త కారుపై అది టోకు ధరలో సగమునకు తగ్గక యుండెను. అయితే ఆ పన్ను సంపూర్ణముగా తయారైన కారునకే గాని, విడిభాగములుగా అమ్ముడుపోయినదానికి వర్తింపకుండెను. చాప్‌మన్ 1952లో లోటస్ సిక్స్‌ను, 1957లో లోటస్ సెవెన్‌ను కిట్లుగా అమ్మెను. ఉక్కు గొట్టముల పంజరమునకు అల్యూమినియపు రేకు తొడిగిన ఆ సెవెన్ సుమారు 500 కిలోల బరువు మాత్రమే గలది. అనవసరమైన వస్తువు దానిలో ఒక్కటియు లేదు. కిట్టుతోబాటు బిగింపు సూచనలు ఇచ్చినచో పన్ను పడునను భయమున, లోటస్ వారు కారును విడదీయు విధానమును వ్రాసియిచ్చిరనియు, కొన్నవారు దానిని తుదినుండి మొదటికి చదువుకొని కారును బిగించుకొనిరనియు అక్కడ ప్రతీతి.

ఒకరిని చూచి ఒకరు అనేకులు ఈ వ్యాపారములో దిగిరి. దక్షిణ వేల్సులో మాంసపు దుకాణము నడుపుకొనుచుండిన గైల్స్ స్మిత్, జర్మను ఇంజనీరైన బెర్నార్డ్ ఫ్రీజ్‌తో కలిసి 1959లో గిల్బర్న్ సంస్థను ఆరంభించెను. వేల్సు దేశమునకు తనదని చెప్పుకొనదగిన కారు అట్లు లభించినది. అదే సంవత్సరమున జెమ్ మార్ష్, ఫ్రాంక్ కాస్టిన్ అనువారు మార్కోస్ సంస్థను స్థాపించిరి. కాస్టిన్ డి హావిలాండ్ విమాన సంస్థలో పనిచేసినవాడు. యుద్ధకాలమున ప్లైవుడ్డుతో మస్కిటో విమానమును ఎగురవేసిన సంస్థ యది. ఆ విద్యను కాస్టిన్ నేలకు దింపి, జిగురుతో అతికిన ప్లైవుడ్డుతోనే కారునకు ఛాసిస్‌ను చేసెను. చెక్క ఛాసిస్ యనగానే నవ్వినవారు పందెములలో దాని వెనుకబడి పరుగెత్తవలసివచ్చినది.

మార్కోస్ వారే 1965లో మినీ కారు ఇంజనును ఆధారముగా గొని, మినీ మార్కోస్ అను ఫైబర్‌గ్లాస్ బుడుత కారును కిట్టుగా విడుదల చేసిరి. అందము విషయమున దానిని మెచ్చినవారు తక్కువ. కాని 1966లో ఫ్రాన్సులోని లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున, ఫోర్డ్, ఫెరారీ సంస్థలు కుబేరుని భాండాగారము వంటి వ్యయముతో తలపడిన ఆ సంవత్సరముననే, ఫ్రెంచివారు నడిపిన ఒక మినీ మార్కోస్ పదునైదవ స్థానమున పందెమును ముగించినది. ఆ యేడు తుదివఱకు నిలిచిన బ్రిటిషు కారు అది యొక్కటే. ఆ కారు తరువాతి చరిత్ర కూడ చెప్పదగినదే: 1975లో పారిస్ నగరమున దొంగలపాలై, నలుబది యేండ్లకు పైగా ఎవ్వరికిని కానరాక, 2016లో పోర్చుగల్ దేశమున ఒక అభిమానికి దొరికినది. బ్రిటిషు కిట్ కార్లలో ఒకదానికై ఇన్ని సంవత్సరములు వెదకినవారుండిరన్న వార్తయే, ఈ అభిమానమెంత గాఢమైనదో తెలుపుటకు చాలును.

తుప్పు చేసిన మేలు

1973 ఏప్రిల్ 1న కొనుగోలు పన్ను తొలగి, దాని స్థానమున విలువ ఆధారిత పన్ను వచ్చినది. కిట్టులకుండిన మినహాయింపు అంతటితో ముగిసినది. గిల్బర్న్ ఆ యేడే మూతపడెను; లోటస్ సంస్థ సెవెన్‌ను విడిచిపెట్టగా, దాని హక్కులను కేటరామ్ అను చిన్న సంస్థ తీసికొని నేటికిని కిట్టులుగా అమ్ముచున్నది. పన్ను పుట్టించిన విద్య పన్నుతోబాటు అంతరింపవలసినదే. అంతరింపలేదు. దానికి కారణము ఉప్పు.

శీతకాలమున రోడ్లపై మంచు గడ్డకట్టకుండుటకై బ్రిటనులో ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కార్ల అడుగుభాగమును తినివేయును. 1960నుండి పాతకార్లకు రహదారి యోగ్యతాపరీక్ష నిర్బంధమైనది. మొదట పదేండ్లు దాటినవానికే యుండిన ఆ నియమము 1967 నాటికి మూడేండ్లు దాటిన ప్రతి కారునకును వచ్చినది. కాబట్టి ఇంజను గట్టిగా నుండి, గేర్లు సరిగా పడుచు, ఒడలు మాత్రము తుప్పుపట్టినందున పరీక్షలో ఓడిన కార్లు వేలకొలదిగా తుక్కు దుకాణములకు చేరుచుండెను. 1968లో వచ్చిన ఫోర్డ్ ఎస్కార్ట్ వానిలో ముఖ్యమైనది. ముందు ఇంజను, వెనుక ఇరుసు, దానిక్రింద కమాను పట్టీలు. అంతయు సరళముగా, ఒక సామాన్య మెకానిక్కునకు అర్థమగునట్లు అమర్చియుండును. ప్రాణము మిగిలియుండగనే కాయము శిథిలమైన ఈ కార్లకు క్రొత్త కాయమును చౌకగా అమ్మినచో ఎట్లుండునన్న ఆలోచన కిట్ కారునకు రెండవ జన్మము నిచ్చినది.

ఆ ఆలోచనను అందఱికంటె ఎక్కువగా ఆచరణలో పెట్టినవాడు ససెక్స్ ప్రాంతపు టిమ్ డటన్. అతడు అమ్మిన ఫేటన్ అను రెండు సీట్ల కారు ఉక్కు గొట్టముల ఛాసిస్, అల్యూమినియపు రేకు, ఫైబర్‌గ్లాస్ మడ్‌గార్డులు, వీనితో ఎస్కార్ట్ భాగములను చుట్టివేయు సాధనము. దాని పనితనము మోటు. వానలో లోపల గూర్చుండువాడు తడియక తప్పదు. వాహనప్రియులైన పెద్దలు దానిని చూచి ముక్కు విఱిచిరి. కాని 1980లలో ప్రపంచమున మఱియే కిట్ కార్ల సంస్థయు అన్ని కిట్లు అమ్మలేదని చెప్పుకొనునంతటి స్థితికి డటన్ సంస్థ పెరిగెను. ఫోర్డ్ సంస్థ 1982లో తన క్రొత్త కారునకు సియెర్రా యని పేరు పెట్టునప్పటికే డటన్ ఆ పేరుతో ఒక కిట్టును అమ్ముచుండుటచే వివాదము న్యాయస్థానమునకు పోయినది. అంతటి మహాసంస్థయు ఆ చిన్నవానిచేత పేరును విడిపింపజాలకపోయెను.

డటన్ తరువాత ఈ మార్గమును తుదివఱకు నడిచినవాడు రాన్ ఛాంపియన్ అను ఉపాధ్యాయుడు. ఔండిల్ పాఠశాలలో విద్యార్థులకు లోహపుపని నేర్పుచు, 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారును తయారుచేసికొనవచ్చునని 1996లో ఒక పుస్తకము ప్రకటించెను. అందులో కిట్టు కూడ లేదు. చదరపు ఉక్కు గొట్టములు, కొలతలు, ఒక పాత ఎస్కార్ట్, అంతే. ఆ పుస్తకమును ముందు పెట్టుకొని షెడ్లలో కార్లు అతికినవారు అనేకులు. నేడు చౌకగా అమ్మకమునకు వచ్చు పాత కార్లలో డటన్ ఫేటన్లతోబాటు ఇట్టి స్వయంనిర్మితములును కనబడుచుండును.

పూర్వనిర్మాత చేవ్రాలు

ఇప్పుడు అట్టి కారొకటి మన చేతికి వచ్చినదనుకొందము. కర్మాగారపు కారును పునరుద్ధరింపబూనినవానికి వర్క్‌షాపు పుస్తకమున్నది. ఏ బోల్టు ఏ కొలతదో, ఏ తీగ ఏ రంగుదో అందులో అచ్చుపడియున్నది. సంశయము కలిగినచో అదే రకపు కారు మఱియొకటి చూచి తీర్చుకొనవచ్చును. కిట్ కారునకు ఆ యాధారము లేదు. ఒకే యేడు ఒకే షెడ్డునుండి బయలుదేరిన రెండు ఫేటన్లను ప్రక్కప్రక్కన నిలిపి చూచినను, ఒకదాని వైరింగు రెండవదానితో కలియదు. ఒకదాని డాష్‌బోర్డు వార్నిషు పూసిన చెక్క, రెండవదానిది వంచిన రేకు. ఒకదాని వెనుక దీపములు ట్రైలరువి, రెండవదానివి మినీ కారువి. కంపెనీ ఇచ్చిన సూచనలు టైపు చేసిన కొలది పుటలు మాత్రమే. తక్కినదంతయు కొన్నవాని ఊహకును, ఆనాడు అతని చేతికి దొరికిన వస్తువునకును వదలివేయబడినది.

అందువలన పానా పట్టుటకు ముందు చదువుట నేర్వవలెను. ఇంటి తలుపునకు వేయు మర ఇక్కడ మడ్‌గార్డును పట్టియున్నది. అనగా ఆ దినమున అతనికి సరియైన బోల్టు దొరకలేదు. ఈ బ్రాకెట్టు అంచులను ఆకురాయితో ఎంత శ్రద్ధగా గుండ్రపఱచినాడో చూడుడు. ఎవ్వరును చూడని చోట ఇంత శ్రద్ధ వహించినవాడు పనియందు ప్రేమ గలవాడు. దీపములకు, హారనుకు, వైపరుకు, అన్నిటికిని ఒకే యెఱ్ఱతీగ వాడినాడు. ఒక్క చుట్టయే కొని దానితోనే పని ముగించినాడు. ఇది వేసవి సాయంకాలములలో తీరికగా చేసిన వెల్డింగు. అది రేపటి పరీక్షకు పోవలెనని రాత్రికి రాత్రి వేసిన అతుకు. ఈ విధముగా ముఖమెఱుగని మనుష్యుని స్వభావము, అతని యాదాయము, అతని ఓర్పు, అతని తొందర, క్రమముగా వెల్లడియగును. కర్మాగారపు కారులో మనకు ఎదురగునది ఒక సంస్థ. ఇందులో ఎదురగునది ఒక మనుష్యుడు. ఈ పనియందలి మొదటి రుచి ఇదియే.

పిమ్మట కాయకష్టము. ఛాసిస్ గొట్టములు వెలుపల నల్లరంగుతో చక్కగా కనబడినను, లోపలినుండి తుప్పుపట్టుట వాని స్వభావము. చిన్న సుత్తితో తట్టుచు పోయినచో మంచి గొట్టము ఖంగున మ్రోగును. తుప్పుతిన్నది మొద్దుగా పలుకును. సీటుబెల్టు కట్టుచోటులు, స్ప్రింగులు బిగించుచోటులు, నీరు నిలుచు అడుగు గొట్టములు, ఇవి ముందుగా చూడదగినవి. ఉక్కు గొట్టమునకు అల్యూమినియపు రేకును రివెట్లతో కొట్టినచోట మఱియొక విపత్తు పొంచియుండును: రెండు లోహముల నడుమ తేమ చేరినచో విద్యుద్రసాయనిక చర్య ఆరంభమై అల్యూమినియము తెల్లని పొడిగా రాలిపోవును. రేకు విప్పి, కుళ్లిన గొట్టమును కోసి, క్రొత్తది అతికి, రెండు లోహములు తాకకుండ నడుమ పూత పూసి మరల కప్పవలెను. మొదటి నిర్మాత ఇది చేయలేదు. అతనికి చెప్పినవారు లేరు.

ఫైబర్‌గ్లాస్‌నకు తుప్పు లేదని సంతోషించువారు దాని రోగములు దానికున్నవని త్వరలోనే తెలిసికొందురు. గాజుపోగుల చాపను పాలియెస్టరు రెసినుతో తడిపి అచ్చులో గట్టిపఱచినచో ఒడలు సిద్ధమగును. పైన కనబడు నునుపు పొర జెల్‌కోటు. వెనుకనుండి ఎక్కడనైన దెబ్బ తగిలినపుడు జెల్‌కోటుపై నక్షత్రముల వంటి పగుళ్లు లేచును. వానిపై లప్పము రాచి రంగు వేయుట వలన ప్రయోజనము లేదు. ఆరు నెలలకే అవి రంగును చీల్చుకొని మరల తలయెత్తును. గ్రైండరుతో పగులును అడుగు ముట్టువఱకు త్రవ్వి, వెనుకనుండి క్రొత్త చాపను రెసినుతో అతికి, పైన జెల్‌కోటు నింపి, ఆరిన పిదప నీటితో తడుపుచు ఉప్పుకాగితమును ముతకనుండి సన్ననిదానికి మార్చుకొనుచు రుద్దవలెను. చలిలో రెసిను గట్టిపడదు. అందుచేత నవంబరునుండి మార్చివఱకు ఆ పని ఆపి, ఇంటిలో వెచ్చగా గూర్చుండి కార్బురేటరును విప్పి శుభ్రపఱచుకొందురు. ఋతువులకు లోబడి నడచు ఈ పనియందు తొందరకు తావు లేదు. తొందరలేని పని ఈ కాలమున ఎంతమందికి దక్కుచున్నది?

ఇక విద్యుత్తు. సామాన్యమైన కారులో ఇనుప ఒడలే విద్యుత్ప్రవాహము తిరిగి బ్యాటరీకి చేరు మార్గము. ఫైబర్‌గ్లాస్ విద్యుత్తును ప్రసరింపనీయదు గనుక ప్రతి దీపమునకును, ప్రతి మోటారునకును ప్రత్యేకముగా ఎర్త్ తీగ లాగవలెను. కుడిదీపము వేసినపుడు ఎడమదీపము మినుకుమనుట, బ్రేకు నొక్కినపుడు హారను మ్రోగుట వంటి చిత్రములలో పెక్కింటికి మూలము ఈ ఎర్త్ తీగల లోపమే. ఈ ఒక్క సూత్రము గ్రహించినవాడు భూతవైద్యము చేయునట్లు కారంతయు వెదకి అలసిపోవు శ్రమను తప్పించుకొనును.

తుదకు బ్రేకులు. గొట్టములలోని గాలిని వెడలగొట్టుటకు ఒకరు పెడలు త్రొక్కుచుండగా, వేఱొకరు చక్రము కడ మరను విప్పి మూయవలెను. ఈ పనికి రెండవ మనుష్యుడు కావలెను. భార్యయో, కుమార్తెయో, పొరుగువాడో వచ్చి కూర్చుండును. షెడ్డులోని ఏకాంతతపస్సు ఇక్కడ గృహస్థాశ్రమముతో కలియును. ‘త్రొక్కు’, ‘వదలు’ అను రెండు మాటలతో ఇరువురు గడపిన ఆ సాయంకాలములను గూర్చి ఈ కార్ల యజమానులు ఇంజనుకంటె ఎక్కువ మక్కువతో చెప్పుచుందురు.

పాఠపరిష్కరణము

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితుని స్థితి మన పాఠకులకు తెలియనిది కాదు. కవి స్వహస్తముతో వ్రాసిన మూలప్రతి దొరకదు. దొరకునవి వ్రాయసకాండ్రు వ్రాసిన ప్రతులు. ఒకడు పాదము మార్చెను, ఒకడు తెలియనిచోట తన మాట చేర్చెను, ఒకడు విడిచిపెట్టెను. పండితుడు ప్రతి పాఠాంతరమునకును తన వివేకముతో తీర్పు చెప్పుకొనవలెను. చౌకయైన కిట్ కారును బాగుచేయువాడు సరిగా ఈ స్థితిలోనే యున్నాడు.

పేరుపొందిన లోటస్‌నకు మూలప్రతి యున్నది. సంస్థ దస్తరములున్నవి, ఛాసిస్ సంఖ్య యున్నది, ఏ కాలమున ఏ దీపము, ఏ చక్రము బిగించిరో నిర్ణయించు నిపుణులున్నారు. అక్కడ పునరుద్ధారకుడు మూలమునకు దాసుడు. ఒక బోల్టు మారినను ధర తగ్గును. ఆ దాస్యమునందును ఒక ఘనత గలదు, కాదనను. కాని పేరులేని ఫేటన్‌నకు మూలప్రతి లేదు, ఉన్నవన్నియు వ్రాతప్రతులే. ఇది తప్పు, అది ఒప్పు అని నిర్ణయించు అధికారి లేడు. ధర తగ్గునన్న భయమును లేదు, తగ్గుటకు ధర యెక్కడిది? చౌకదనము కాపలా వంటిదని ముందు చెప్పినది ఇందుకే. వస్తువునకు వెల పెరిగిన క్షణమున స్వేచ్ఛ తగ్గును. వెలలేని కారును బాగుచేయువాడు మాత్రమే, ఈ చెక్క డాష్‌బోర్డును ఉంచుకొందునా, మార్చుదునా అని కేవలము తన వివేకమును, అభిరుచిని మాత్రమే అడిగి నిర్ణయింపగలడు.

ఆ నిర్ణయము ఎట్లుండవలెను? పూర్వనిర్మాత పనినంతయు తుడిచివేసి, క్రొత్త భాగములతో తళతళలాడజేయువారున్నారు. వారు నిర్మించుచున్నది వేఱొక కారు. నా మతమున, ప్రాణాపాయము కలిగించునది ఎంత అందముగా నున్నను తీసివేయవలెను. గట్టిగా నున్నది ఎంత మోటుగా నున్నను ఉంచవలెను. ఆకురాయితో గుండ్రపఱచిన ఆ బ్రాకెట్టును పాఱవేయు హక్కు మనకు లేదు.

ఇన్ని భాగములు మారిన పిదపను అది ఆ కారేనా? పాళీ వాఙ్మయమున మిలిందుడను యవనరాజును నాగసేనుడను భిక్షువు అడిగిన ప్రశ్న ప్రసిద్ధము: నీవు రథమెక్కి వచ్చితివి గదా, అందులో ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా అని. బ్రిటిషు వాహన రిజిస్ట్రేషన్ శాఖ ఆ ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పినది. మార్పులు పొందిన వాహనము తన పాత రిజిస్ట్రేషనును నిలుపుకొనవలెనన్న కనీసము 8 పాయింట్లు పొందవలెనని చాలకాలము నియమముండెను: ఛాసిస్‌నకు 5, స్ప్రింగుల అమరికకు, ఇరుసులకు, గేర్‌బాక్సునకు, స్టీరింగునకు రెండేసి, ఇంజనుకు 1 మాత్రమే. జనులు కారునకు గుండెకాయయని చెప్పుకొను ఇంజను ఆ నియమము దృష్టిలో కనిష్ఠము. ఎవ్వరికిని కానరాని ఛాసిస్ జ్యేష్ఠము. షెడ్లలో పనిచేయువారి యనుభవమును ఇదియే: ఇంజను మార్చినను అది ఆ కారే, ఛాసిస్ పోయినచో కారు పోయినట్లే.

నిబంధనల వలన పాతకార్లకు మఱియొక విలువయు సమకూరినది. 1998లో బ్రిటను చేతితో నిర్మించిన ప్రతి క్రొత్త కారునకు ఒక ప్రత్యేక పరీక్షను నిర్బంధము చేసినది. 2009లో దాని స్థానమున ఇంకను కఠినమైన పరీక్ష వచ్చినది. అంతకు పూర్వమే సక్రమముగా రిజిస్టరైన కారును, దాని స్వరూపము మార్చకుండ బాగుచేసికొనువానికి ఆ పరీక్షలతో పనిలేదు. సామాన్యమైన యోగ్యతాపరీక్ష చాలును. నేడు క్రొత్త కిట్టు కొని బిగించుటకంటె పాతదానిని బ్రదికించుట సులభమగుటకు ఇది యొక కారణము.

మన దేశపు సంగతి

భారతదేశమున ఈ విద్య వేళ్లూనలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్టరైన వాహనమును నిర్మాత నిర్దేశించిన రూపమునుండి మార్చరాదని శాసించుచున్నది. ఇంటిలో కారు నిర్మించి రహదారిపైకి తెచ్చుటకు సామాన్యునికి సుగమమైన మార్గము లేదు. అయినను ఫైబర్‌గ్లాస్ కారు మనకు పూర్తిగా అపరిచితము కాదు: బ్రిటనులోని రిలయంట్ సంస్థ నిర్మించిన కిటెన్ అను చిన్న కారును ఆధారముగా గొని బెంగుళూరులోని సిపానీ సంస్థ 1982లో డాల్ఫిన్ అను ఫైబర్‌గ్లాస్ కారును విడుదల చేసినది. హైదరాబాదున బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియములో, దాని స్థాపకుడైన సుధాకర్ తుక్కు భాగములనుండి చేసిన క్రికెట్ బ్యాటు, బూటు, పుస్తకము ఆకారములుగల కార్లను చూచినవారికి, ఈ చేతిపనిమీద మోజు మనవారికి లేదనుట అసత్యమని తెలియును. మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు బాహా అను బండ్ల పోటీలకై గొట్టములు అతికి బండ్లు చేయుచునే యున్నారు. పోటీ ముగిసిన పిదప ఆ బండ్లు కళాశాల షెడ్లలో తుప్పుపట్టుచుండుట నాకు బాధాకరము; తరువాతి తరగతివారికి వానిని బాగుచేయు పని పాఠముగా నిచ్చినచో, క్రొత్తది చేయుటకంటె ఎక్కువ నేర్తురని నా నమ్మకము.

బ్రిటనులో స్థిరపడిన తెలుగువారిలో షెడ్డును, కొంత ఓర్పును గలవారు ఎవరైన ఈ పనికి పూనుకొనదలచినచో వారికి నాలుగు మాటలు. కారును చూచుటకు ముందు రిజిస్ట్రేషన్ పత్రమును చూడుడు. డటన్ కారునకు ఇంకను ఫోర్డ్ ఎస్కార్ట్ అనియే అందులో వ్రాసియున్నచో, ఆ చిక్కు అమ్ముచున్నవాడు తీర్చిన పిదపనే ధర మాటలాడుడు. పిమ్మట సుత్తి పట్టుకొని ఛాసిస్‌ను పరీక్షింపుడు. ఫైబర్‌గ్లాస్ పగుళ్లకు భయపడకుడు, అవి మీ చేతులలోనివి. డబ్బాలలో నింపియిచ్చిన విడిభాగములను ఒక్కొక్కటిగా నేలపై పఱచి చూచుకొనుడు. మొదటి నిర్మాత వ్రాసికొన్న కాగితములు, కొలతల బొమ్మలు, పాత రసీదులు, పని జరుగుచుండగా తీసిన ఫొటోలు ఆ యింటిలో ఎక్కడనైన మిగిలియున్నవేమో తప్పక అడుగుడు. ఉన్నచో, కారును ట్రైలరుపై ఎక్కించుటకు ముందే వానిని తీసికొని భద్రపఱచుడు.